అయిదో అక్షరం

(జిల్లా కేంద్రంలోని ఒక గ్రంథాలయంలో తలసీమియా రక్తపరీక్షల శిబిరం ముగిశాక, విశ్రాంత బోటనీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి వరసలో నిలబడి రక్తం ఇచ్చి, ఇళ్లకు వెళ్లిపోకుండా నా మాటల కోసం కూర్చున్నారు. సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది.

నేను తలసీమియా గురించి, అంటే హిమోగ్లోబిన్ చాలినంత తయారుకాక రక్తం తగ్గిపోయే వంశపారంపర్య జబ్బు గురించి, మాట్లాడతానని నిర్వాహకుల్ని అడిగి మరీ ఒప్పించాను. దానికి కారణం ఒక అమ్మాయి. ఏడెనిమిదేళ్ల కిందటి మాట. ఇంటర్ రెండో ఏడాదికి జన్యువుల పాఠం చెబుతున్నాను. అప్పట్లో మన దగ్గర ఆ పాఠం బోటనీలోనే వచ్చేది. క్లాసు అయిపోయాక ఒక అమ్మాయి నోట్‌బుక్‌లోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. "మేడమ్, మా తమ్ముడికి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాం. ఇది వాడి జన్యుపరీక్ష కాగితం. తప్పు ఇంట్రాన్‌లో ఉందని రాశారు. ఇంట్రాన్ అంటే ప్రొటీన్‌లోకి రాని ముక్క, దాన్ని కోసి పారేస్తారని మీరే చెప్పారు కదా. పారేసే ముక్కలో తప్పుంటే మా తమ్ముడికి రక్తం ఎందుకు తయారుకావడం లేదు?" అంది.

ఇరవై ఏళ్లకు పైగా ఆ పాఠం చెప్పిన నన్ను అంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ రోజు నా దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం చదివి తెలుసుకున్నాను. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ జవాబే. ఆ జవాబు మొత్తం ఆర్‌ఎన్‌ఏ అనే, డీఎన్‌ఏకి చుట్టమైన అణువు చుట్టూ తిరుగుతుంది.

ముందు రక్తం సంగతి. మన ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. నేను ఈ వాక్యం పూర్తి చేసేలోపు కోటి పుట్టి ఉంటాయి. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ని పట్టుకుని ఒళ్లంతా పంచిపెట్టేది అదే. ఒక్కో హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసు అంటే 146 అమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి గుచ్చిన దండ. మన తమ్ముడి కథలో తగ్గిపోయింది ఈ బీటా దండే.

ఈ దండ ఎలా గుచ్చాలో రాసిపెట్టిన జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. ఒక్కో కణంలో దానికి రెండే ప్రతులు, అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఒక కణం నిండడానికి 54 కోట్ల బీటా దండలు కావాలి. రెండు జన్యువులకు పంచితే తలా 27 కోట్లు. జన్యువు దగ్గరే నేరుగా సెకనుకు ఒక దండ గుచ్చుకుంటూ కూర్చున్నా ఎనిమిదేళ్లకు పైనే పడుతుంది. కానీ ఆ కణం మూలుగలో పెరిగి బయటికి రావడానికి పట్టేది కొద్ది రోజులు. జన్యువు దగ్గర ప్రొటీన్ తయారు కాకపోవడానికి ఈ లెక్క ఒక్కటి చాలు.

మరి ఎలా? మన భూముల రికార్డు గుర్తు తెచ్చుకోండి. అసలు రికార్డు ఆఫీసులోంచి బయటికి రాదు. బ్యాంకు లోనుకైనా కోర్టుకైనా మనం పట్టుకెళ్లేది నకలు. ఎన్ని కావాలంటే అన్ని నకళ్లు తీసుకోవచ్చు. పని అయిపోయాక నకలు చిరిగిపోయినా నష్టం లేదు, అసలు భద్రంగా ఉంటుంది. కణంలో అసలు రికార్డు డీఎన్‌ఏ. అది కేంద్రకం దాటి రాదు. నకలు పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, పొట్టిగా ఎం-ఆర్‌ఎన్‌ఏ. ఒక్క జన్యువు నుంచి వేల నకళ్లు, ఒక్కో నకలు మీద మళ్లీ మళ్లీ చదువుతూ దండలు. ఇలా రెండుసార్లు పెంచుకుంటూ పోతేనే 54 కోట్లు కుదురుతాయి.

నకలులో నాలుగే అక్షరాలు, అంటే నాలుగు రకాల రసాయన ముక్కలు, ఎ, యు, జి, సి. డీఎన్‌ఏలో 'టి' ఉండే చోట ఇందులో 'యు' వస్తుంది. జత కుదిరే పద్ధతి మాత్రం ఒకటే. ఎ ఎదురుగా యు, జి ఎదురుగా సి. ఈ జత సంగతి మనసులో పెట్టుకోండి, చివరికి తమ్ముడి జబ్బు దీని దగ్గరికే వస్తుంది.

ఇక్కడ డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు కొందరు కూర్చున్నారు. వాళ్లు ఆర్‌ఎన్‌ఏని కంటితో చూశారు, వాళ్లకు తెలిసో తెలియకో. రెటిక్ కౌంట్ అని ఒక పరీక్ష చేస్తారు కదండీ. ఎర్రకణం మూలుగలో తయారయ్యే చివరి దశలో తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. అంటే అసలు రికార్డునే పారేస్తుంది. ఆ లేత కణం పేరు రెటిక్యులోసైట్. కేంద్రకం పోయాక కూడా అది ఒకటి రెండు రోజులు హిమోగ్లోబిన్ తయారు చేస్తూనే ఉంటుంది! లోపల నకళ్లు మిగిలి ఉన్నాయి, వాటిని చదివి దండ గుచ్చే రైబోసోమ్‌లు మిగిలి ఉన్నాయి. ఆ కణానికి నీలం రంగు అద్దితే లోపల చిన్న వల లాగా కనిపిస్తుంది. ఆ వల వల్లే దానికి ఆ పేరు. ఆ నీలం వల ఏమిటనుకున్నారు? మిగిలిపోయిన రైబోసోమ్‌ల ఆర్‌ఎన్‌ఏ. అది కూడా కరిగిపోయాక కణం పూర్తిగా ముదురుతుంది. ఆ తర్వాత 120 రోజులు బతుకుతుంది, కానీ కొత్తగా ఒక్క ప్రొటీన్ కూడా చేసుకోలేదు. ఆర్‌ఎన్‌ఏ ఉన్నంతసేపు తయారీ ఉంది, అది పోగానే తయారీ ఆగింది. దీన్ని మించిన రుజువు నేను క్లాసులో ఎన్నడూ చూపలేకపోయాను.

ఇప్పుడు మనం ఇంత తేలికగా చెప్పుకుంటున్నాం గానీ, నకలు అనేది ఒకటి ఉందని తెలియడానికే శాస్త్రవేత్తలు చాలా తిప్పలు పడ్డారు. ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యే కణాల్లో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉంటుందని 1940ల్లోనే బ్రాషే, కాస్పర్సన్ గమనించారు. 1950ల్లో జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చిన్న చిన్న గుళికలు చూశాడు, అవే రైబోసోమ్‌లు. అప్పుడు చాలామంది ఏమనుకున్నారంటే, ఒక్కో రైబోసోమ్‌లో ఒక్కో ప్రొటీన్ సమాచారం శాశ్వతంగా ఉంటుందని. 1960 ఏప్రిల్‌లో గుడ్‌ఫ్రైడే రోజు కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ గదిలో, డీఎన్‌ఏ ఆకారం కనుక్కున్నవాళ్లలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్, ఫ్రాన్స్వా జాకబ్ కూర్చుని మాట్లాడుకుంటుండగా చిక్కుముడి విడిపోయింది. రైబోసోమ్ ఏ పాటైనా వినిపించే టేప్ రికార్డర్ లాంటిది, పాట ఉన్నది టేపులో. ఆ టేపు కొద్దిసేపే ఉండి కరిగిపోయే ఆర్‌ఎన్‌ఏ అయి ఉండాలి. ఆ వేసవిలోనే బ్రెన్నర్, జాకబ్, మెసెల్సన్ కాలిఫోర్నియాలో ప్రయోగం మొదలుపెట్టారు. రైబోసోమ్‌లు విడిపోతూ ప్రయోగం విఫలమవుతూ వచ్చింది. సముద్రపు ఒడ్డున కూర్చున్న బ్రెన్నర్‌కి ఉన్నట్టుండి తట్టింది, మెగ్నీషియం చాలడం లేదని. పరుగున ల్యాబ్‌కి వెళ్లి మెగ్నీషియం పెంచారు, నకలు దొరికింది. 1961లో అది అచ్చయింది.

అదే ఏడాది ఇంకో గొప్ప సంగతి. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మతాయి అనే ఇద్దరు, అప్పటికి పెద్దగా పేరు లేనివాళ్లు, బ్యాక్టీరియా కణాల్ని నలగ్గొట్టి ఆ రసంలో మొత్తం 'యు' అక్షరాలే ఉన్న ఆర్‌ఎన్‌ఏ కలిపారు. మే 27 తెల్లవారుజామున ఫలితం వచ్చింది. ఆ రసంలో ఫినైల్‌అలనిన్ అనే ఒకే ఒక్క అమైనో ఆమ్లంతో చేసిన దండ తయారైంది. 'యుయుయు' అంటే ఫినైల్‌అలనిన్. కణం భాషలో మనిషి చదివిన మొదటి మాట అది. ఆగస్టులో మాస్కో సదస్సులో నిరెన్‌బర్గ్ ఈ సంగతి చెప్పినప్పుడు గదిలో ఉన్నది కొద్దిమందే. విషయం తెలిసిన క్రిక్ పట్టుబట్టి పెద్ద సభలో మళ్లీ చెప్పించాడు.

ఆ భాష మొత్తం మూడేసి అక్షరాల మాటలే. ఆ మాటల్ని కోడాన్లు అంటాం. నాలుగు అక్షరాలతో మూడక్షరాల మాటలు 64 వస్తాయి. వాటిలో 61 అమైనో ఆమ్లాలకు, మూడు 'ఇక్కడ ఆపు' అనడానికి. 'ఎయుజి' అంటే 'ఇక్కడ మొదలుపెట్టు'.

మిగతా మాటల అర్థం తేల్చడంలో మనవాడు ఒకాయన ఉన్నాడు. హర్ గోవింద్ ఖొరానా. 1922లో పంజాబ్‌లోని రాయ్‌పూర్ అనే పల్లెలో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. నూరు మంది ఉన్న ఆ ఊళ్లో చదువొచ్చిన కుటుంబం దాదాపు వాళ్లది ఒక్కటే. వాళ్ల నాన్న ఏం చేసేవారో తెలుసా? పట్వారీ. మన వైపు కరణం అంటాం, తెలంగాణలో పట్వారీ అనే అంటారు. అసలు రికార్డు, నకలు రాసే ఇంట్లో పుట్టిన పిల్లవాడు పెద్దయ్యాక కణం రాసుకునే నకళ్లను చదివాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆయన, ఏ అక్షరం తర్వాత ఏది రావాలో తానే నిర్ణయించి ఆర్‌ఎన్‌ఏని తయారు చేశాడు. యుసియుసియుసి అని వరసగా రాస్తే సెరిన్, ల్యూసిన్, సెరిన్, ల్యూసిన్ అని మార్చి మార్చి వచ్చింది. అంటే యుసియు సెరిన్‌కి, సియుసి ల్యూసిన్‌కి. 1966 నాటికి నిఘంటువు పూర్తయింది. 1968లో ఖొరానాకి, నిరెన్‌బర్గ్‌కి, రాబర్ట్ హోలీకి కలిపి నోబెల్ ఇచ్చారు.

మూడేసి అక్షరాలని చెప్పాను కదా, మాటల మధ్య ఖాళీలు ఉండవు. అది ఎంత ప్రమాదమో చూడండి. పిల్లలూ, ఇది రాసుకోండి. 'కమల పలక తుడిచి కలము తెరిచె.' అన్నీ మూడక్షరాల మాటలే. ఇప్పుడు మొదటి 'క' తీసేసి, మళ్లీ మూడేసి చొప్పున చదవండి. 'మలప లకతు డిచిక లముతె రిచె.' పోయింది ఒక్క అక్షరం, కానీ ఒక్క మాటకీ అర్థం మిగల్లేదు. మూడు అక్షరాలు పోతే ఒక మాట పోయి మిగతావి నిలబడతాయి. ఒకటో రెండో పోతే అన్నీ పోతాయి. ఇది కూడా గుర్తుంచుకోండి.

అక్షరాల్ని అమైనో ఆమ్లంతో కలిపేదెవరు? అక్షరాలకీ అమైనో ఆమ్లానికీ ఏ చుట్టరికమూ లేదు, ఆకారంలోనూ పోలిక లేదు. మధ్యలో ఇద్దరికీ తెలిసినవాళ్లు ఒకరు ఉండాలని క్రిక్ 1955లోనే ఊహించాడు. ఆ మధ్యవర్తిని బోస్టన్‌లో జమెక్నిక్, హోగ్లండ్ ఎలుక కాలేయపు రసంలో పట్టుకున్నారు. టి-ఆర్‌ఎన్‌ఏ. చూడండి, ఇది కూడా ఆర్‌ఎన్‌ఏనే. సుమారు 75 నుంచి 90 అక్షరాల పొట్టి ముక్క, మడతపడి ఉంటుంది. ఒక కొసన అమైనో ఆమ్లం తగిలించుకుంటుంది, రెండో కొసన మూడక్షరాలు పెట్టుకుని నకలులోని మాటతో జత కుదుర్చుకుంటుంది. ఆ జతే కొలమానం. రైబోసోమ్ అమైనో ఆమ్లం ముఖం చూడదు. దీన్ని 1962లో ఒక చక్కటి ప్రయోగంతో తేల్చారు. సిస్టీన్ తగిలించుకున్న టి-ఆర్‌ఎన్‌ఏని తీసుకుని, రసాయనంతో ఆ సిస్టీన్‌ని అక్కడికక్కడే అలనిన్‌గా మార్చేశారు. టి-ఆర్‌ఎన్‌ఏ తన మూడక్షరాలు చూపించుకుని లోపలికి వెళ్లింది, సిస్టీన్ రావలసిన చోట అలనిన్ వచ్చి కూర్చుంది. ఆ మరుసటి ఏడాది కుందేలు హిమోగ్లోబిన్‌తోనే ఇది మళ్లీ రుజువైంది. అందుకే సరైన టి-ఆర్‌ఎన్‌ఏకి సరైన అమైనో ఆమ్లాన్ని తగిలించే ఎంజైముల మీద అంత బాధ్యత ఉంటుంది.

ఇక రైబోసోమ్. బీటా గొలుసు నకలు మీద ఒకేసారి అయిదు రైబోసోమ్‌ల దాకా ఎక్కి, ఒకదాని వెనక ఒకటి చదువుకుంటూ పోతాయి. 1960ల మొదట్లో కుందేలు రెటిక్యులోసైట్లలోనే అలెగ్జాండర్ రిచ్ బృందం దీన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసింది. ఒక్కో దండ పూర్తవడానికి సుమారు ఒక నిమిషం.

చాలాకాలం మనమంతా ఏమనుకున్నామంటే, రైబోసోమ్‌లో ప్రొటీన్లే అసలు పనివాళ్లు, ఆర్‌ఎన్‌ఏ వాటిని పట్టి ఉంచే గుంజ లాంటిదని. నేను కూడా నా సర్వీసు మొదటి సగంలో ఇలాగే చెప్పాను. 2000లో ఆ అభిప్రాయం మారిపోయింది. రైబోసోమ్ పెద్ద భాగాన్ని పరమాణువు పరమాణువుగా థామస్ స్టైట్జ్ బృందం చూసింది. మృత సముద్రంలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన రైబోసోమ్ అది. రెండు అమైనో ఆమ్లాలు అతుక్కునే చోట వెతికితే దరిదాపుల్లో ప్రొటీన్ లేదు. ఉన్నదంతా ఆర్‌ఎన్‌ఏ. మన ఒంట్లో ప్రతి ప్రొటీన్‌నీ, వెంట్రుక నుంచి కండ దాకా, అతికిస్తున్న చేయి ఆర్‌ఎన్‌ఏది. అదే ఏడాది చిన్న భాగాన్ని చూపించినవాళ్లలో వెంకట్రామన్ రామకృష్ణన్ ఉన్నారు, చిదంబరంలో పుట్టి వడోదరలో పెరిగిన మనిషి. ఆయనకీ, స్టైట్జ్‌కీ, రైబోసోమ్ స్ఫటికాల కోసం 1980 నుంచీ పట్టు వదలకుండా శ్రమించిన ఆడా యోనాత్‌కీ 2009లో నోబెల్ వచ్చింది.

అంటే నకలు ఆర్‌ఎన్‌ఏ, మధ్యవర్తి ఆర్‌ఎన్‌ఏ, అతికించేది ఆర్‌ఎన్‌ఏ. మన పాఠ్యపుస్తకాలు దాన్ని డీఎన్‌ఏ దగ్గర కబురు మోసే బంట్రోతులా చూపిస్తాయి. ఆ బొమ్మ వల్లే పిల్లలకు జబ్బులు అర్థం కావడం లేదని నా ఆరోపణ.

రైబోసోమ్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, మందుల కోసం. బ్యాక్టీరియా రైబోసోమ్‌కీ మన రైబోసోమ్‌కీ ఆర్‌ఎన్‌ఏలో కొద్ది తేడాలున్నాయి. ఆ తేడాలే మన ప్రాణాలు కాపాడుతున్నాయి. మీరు జలుబుకే కొనుక్కుని మింగుతున్న అజిత్రోమైసిన్, దయచేసి డాక్టరు చెప్పకుండా మింగకండి, అది బ్యాక్టీరియా రైబోసోమ్‌లో కొత్త దండ బయటికి వచ్చే దారికి అడ్డం పడుతుంది. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్ నకలు తప్పుగా చదివిస్తుంది. టెట్రాసైక్లిన్ జాతి మందులు టి-ఆర్‌ఎన్‌ఏ వచ్చి కూర్చునే చోటు మూసేస్తాయి. ఆ జాతిలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ పనిచేసిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన ఆ ఏడాదే కన్నుమూశారు.

సరే, ఇప్పుడు తమ్ముడి కాగితం. దాని మీద 'ఐవీఎస్ ఒకటి, అయిదు, జి నుంచి సి' అని ఉంది. బీటా గ్లోబిన్ జన్యువు, అంటే మన బీటా గొలుసు జన్యువు, సుమారు 1600 అక్షరాల పొడవు. కానీ రైబోసోమ్ దగ్గరికి వచ్చే నకలులో 626 మాత్రమే ఉంటాయి. మధ్యలో రెండు ముక్కలు, ఒకటి 130 అక్షరాలది, ఒకటి 850 అక్షరాలది, కేంద్రకంలో ఉండగానే కోసేసి, మిగిలిన మూడు ముక్కల్ని అతుకుతారు. కోసేసేవి ఇంట్రాన్లు. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో ఒక వైరస్‌లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ కనుక్కున్నారు. ఆ ఏడాదే కుందేలు బీటా గ్లోబిన్ జన్యువులో అలెక్ జెఫ్రీస్ కూడా చూశాడు. తర్వాత డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తెచ్చింది ఆయనే.

కాగితంలో 'ఐవీఎస్ ఒకటి' అంటే మొదటి ఇంట్రాన్. 'అయిదు' అంటే అందులో అయిదో అక్షరం. అక్కడ జి ఉండవలసింది, సి ఉంది. అంతే. ఒక్క అక్షరం. మన దేశంలో తలసీమియాకి కారణమయ్యే మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే.

పారేసే ముక్కలో అక్షరం మారితే ఏమవుతుంది? దర్జీని అడగండి. రవిక గుడ్డ మీద సుద్దతో గీత గీస్తాడు. ఆ గీత ఉన్న అంచు ముక్క కత్తిరించాక కింద పడిపోయేదే. అయినా గీత చెరిగిపోతే కత్తెర ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇంట్రాన్ మొదట్లో ఉన్న ఆరేడు అక్షరాలు ఆ సుద్ద గీత లాంటివి.

ఆ గీతను గుర్తుపట్టేది ఎవరో చెబితే మీరు నమ్మరు. అది కూడా ఆర్‌ఎన్‌ఏనే. యు-1 అని 164 అక్షరాల చిన్న ముక్క. అది దొరికిన తీరు కూడా చెప్పాలి. లూపస్ అనే జబ్బులో రోగి ఒళ్లు తన సొంత కణాల మీదే ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుంది. 1979లో యేల్ విశ్వవిద్యాలయంలో జోన్ స్టైట్జ్, ఆమె విద్యార్థి మైకేల్ లెర్నర్ ఆ రోగుల రక్తరసంతో కణంలోంచి ఏం బయటికి వస్తుందో చూశారు. ప్రొటీన్లు అంటుకుని ఉన్న చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏలు వచ్చాయి. వాటిలో యు-1 మొదటి అక్షరాలు ఇంట్రాన్ మొదట్లోని అక్షరాలతో జత కుదురుతున్నాయని 1980లో చెప్పారు. ఎ ఎదురుగా యు, జి ఎదురుగా సి, మనం మొదట అనుకున్న పద్ధతే. ఎవరో ముక్కూ మొహం తెలియని లూపస్ రోగులు ఇచ్చిన రక్తంతో మన ఊరి పిల్లవాడి జబ్బు అర్థమైంది. పొద్దున్న మీరిచ్చిన రక్తం గురించి కూడా నేను అలాగే ఆలోచిస్తున్నాను.

ఇంట్రాన్‌లో అయిదో అక్షరం జి అయితే యు-1లో దానికి ఎదురుగా సి ఉంటుంది, జత కుదురుతుంది, పట్టు బిగుస్తుంది. ఆ జి కాస్తా సి అయిపోతే, సి ఎదురుగా సి. జత లేదు, పట్టు జారింది. యు-1 అక్కడ సరిగ్గా నిలవక, పక్కనే అలాంటివే అనిపించే వేరే చోట్లు పట్టుకుంటుంది. అవి మూడు. ఒకటి అసలు గీతకు 16 అక్షరాలు ముందు, ఒకటి 38 అక్షరాలు ముందు, ఒకటి 13 అక్షరాలు తర్వాత. ఇప్పుడు కమల పలక గుర్తు తెచ్చుకోండి. 16ని మూడుతో భాగించండి. పోదు. 38? పోదు. 13? పోదు. మూడు చోట్లలో ఎక్కడ కోసినా అక్కడి నుంచి ప్రతి మాటా చెడిపోతుంది. చదువుతూ పోతే కాసేపటికే దారితప్పిన 'ఆపు' మాట ఒకటి తగులుతుంది. అలాంటి నకళ్లను కణం పసిగట్టి ముక్కలు చేసేస్తుంది కూడా. యు-1 అప్పుడప్పుడు సరైన చోటే పట్టుకుంటుంది గనక కొంచెం మంచి నకలు వస్తుంది, కొంచెం బీటా గొలుసు తయారవుతుంది. కానీ అది చాలదు. జత దొరకని ఆల్ఫా గొలుసులు లోపల ముద్దకట్టి, మూలుగలోనే ఎర్రకణాల్ని చంపేస్తాయి. అందుకే నెలనెలా రక్తం. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని తీయడానికి మళ్లీ మందులు.

సికిల్ సెల్ జబ్బు వేరే రకం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో దాని గురించి మీరు వినే ఉంటారు. అదీ బీటా జన్యువులోనే ఒక్క అక్షరం మార్పు. అక్కడ కత్తిరింపు బాగానే జరుగుతుంది. ఆరో మాట జిఎజి ఉండవలసింది జియుజి అవుతుంది. గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ వస్తుంది. నకలు, మధ్యవర్తి, రైబోసోమ్ అన్నీ ఉన్నదున్నట్టు నమ్మకంగా పనిచేసి తప్పు ప్రొటీన్‌ని తయారు చేస్తాయి. తమ్ముడి విషయంలో ప్రొటీన్ రాత మొత్తం సరిగ్గానే ఉంది, కత్తిరింపు దగ్గరే చెడింది. ఒకే జన్యువులో రెండు తప్పులు, రెండు వేర్వేరు బాధలు. ఆర్‌ఎన్‌ఏ సంగతి తెలియకపోతే ఈ తేడా అందదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈ మార్పు ఒక్క ప్రతిలోనే ఉన్నవాళ్లు ఆరోగ్యంగా ఉంటారు, మహా అయితే కొద్దిగా రక్తం తక్కువ. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఇలాంటివాళ్లని అంచనా. వాళ్లు రోగులు కారు. భార్యాభర్తలిద్దరూ అలాంటివాళ్లయితేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. హిమోగ్లోబిన్ ఎ-2 పరీక్షలో అది తెలిసిపోతుంది. తెలిస్తే గర్భం తొలినెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించుకోవచ్చు. ఫలితం కాగితం వచ్చాక తప్పు కోడలి వైపుదా కొడుకు వైపుదా అని ఇంట్లో పంచాయితీ పెట్టకండి. ఇద్దరి దగ్గరా ఉంటేనే జబ్బు.

కొందరు నన్ను ఆర్‌ఎన్‌ఏ టీకాల గురించి చెప్పమని చీటీలు పంపారు. క్లుప్తంగా చెబుతాను. 1971లో జాన్ గుర్డన్ బృందం కుందేలు గ్లోబిన్ నకలుని తీసి కప్ప అండకణంలోకి ఎక్కించింది. కప్ప కణం కుందేలు గ్లోబిన్ తయారు చేసింది! నకలు ఎవరిదైనా చదివే పద్ధతి అందరిదీ ఒకటే. టీకాకి పునాది ఆ సంగతే. అయితే బయటి నుంచి ఆర్‌ఎన్‌ఏ వస్తే మన కణాలు శత్రువనుకుని ఎదురు తిరుగుతాయి. కటాలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో 'యు' అక్షరం బదులు సూడోయురిడిన్ పెట్టి ఆ గొడవ తగ్గించారు. అది మన టి-ఆర్‌ఎన్‌ఏలో, రైబోసోమ్‌లో సహజంగా ఉండే అక్షరమే. 2023లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అమెరికాలో ఉన్న మీ పిల్లలు చాలామంది వేయించుకున్న ఫైజర్-బయోఎన్‌టెక్ టీకాలో, నకలు మొదట్లోని చిన్న ముక్క మనిషి ఆల్ఫా గ్లోబిన్ నకలు నుంచి తెచ్చిందే. అది కేంద్రకంలోకి వెళ్లదు, అసలు రికార్డుని ముట్టదు, కొద్ది రోజుల్లో కరిగిపోతుంది.

తలసీమియాకి కూడా దారులు తెరుచుకుంటున్నాయి. 2023 నవంబర్‌లో బ్రిటన్ అనుమతించిన జన్యుచికిత్స, గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ని మళ్లీ పని చేయిస్తుంది. డీఎన్‌ఏలో సరైన చోటికి కత్తెరని తీసుకెళ్లేది అందులోనూ ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్కే, అక్షరాల జత కుదుర్చుకునే. దాని ఖర్చు మనలాంటివాళ్లు తలుచుకోలేనిది. ఆ ధర దిగాలి, దిగేదాకా మనం అడుగుతూనే ఉండాలి.

ఆ అమ్మాయికి ఈ జవాబు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. బోర్డు మీద యు-1 అక్షరాలు పైన, తమ్ముడి అక్షరాలు కింద రాశాను. అయిదో చోట సి ఎదురుగా సి చూడగానే తానే లేచి వచ్చి, దాని చుట్టూ సుద్దతో సున్నా చుట్టింది.

వెనక బల్ల మీద మైక్రోస్కోప్ పెట్టించాను. ల్యాబ్ టెక్నీషియన్ గారు పొద్దుట రంగు అద్దిన రెటిక్యులోసైట్ల స్లైడు దాని కింద ఉంది. ముదురు కణాలు చదునుగా కనిపిస్తాయి, అక్కడక్కడా లేత కణంలో నీలం వల కనిపిస్తుంది. పిల్లలు ముందు, పెద్దలు తర్వాత. అద్దాన్ని కదపకుండా, ఒక్కొక్కరుగా రండి.